మూటాముల్లె – సముద్రయాత్ర

కోలారు బంగారు గనుల తెలుగు కుటుంబములను గూర్చి ఒక వింతమాట చెప్పవచ్చును. మన ఊరు సముద్రమట్టమునకు సుమారు 2,800 అడుగుల ఎత్తున నున్నది. ఛాంపియన్ రీఫ్ గని లోతు పదివేల అడుగులను మించినది. అనగా ఆ గని అట్టడుగున పనిచేసిన మనవారు సముద్రమట్టమునకు ఏడువేల అడుగులకు పైగా క్రిందికి దిగి, మరల పైకి వచ్చుచుండిరి. అట్లు సముద్రముకంటె లోతునకు దిగినవారిలో అనేకులు సముద్రమును కన్నులార చూడకయే కాలము గడపిరి.

ఈ సంచికకు వ్యాసము వ్రాయబూనిన దినములలో, రాబర్ట్‌సన్‌పేటలో మాకు చిరపరిచితమైన కుటుంబమొకటి తొలిసారిగా విహారనౌకపై ప్రయాణమునకు సన్నాహము చేయుచుండెను. కుమారుడు బెంగుళూరులో ఉద్యోగి, కోడలు ఉపాధ్యాయిని, పిల్లలిద్దరు. ఇంటికి పెద్దదిక్కు అవ్వ. ఆమె భర్త ముప్పదియేండ్లు గనిలో దిగినవాడు. చెన్నపట్టణమున ఓడనెక్కి విశాఖపట్టణము చూచి వత్తమని కుమారుడు చెప్పగా, అవ్వ కొంతసేపు మౌనముగా నుండి, "గని నుంచి మనిషి పైకొస్తే చాలని మొక్కుకున్న కొంప ఇది. నీళ్ల మీద మనకేం పని నాయనా? సరే, పోదామంటే పోదాము. ఏమి కట్టుకోని పోవాల్నో అది చెప్పు" అనెను.

ఏమి కట్టుకొని పోవలెను? ఈ చిన్న ప్రశ్న మమ్ము చాల దూరము తీసికొనిపోయినది. మనుష్యుడు ప్రయాణమునకు కట్టుకొను మూటను చూచిన, అతడు ఎందులకు పోవుచున్నాడో, తిరిగి వచ్చునో రాడో తెలియునని మాకు తోచినది. తెలుగువారి సముద్రయాత్రల చరిత్రను ఆ మూటలనుండియే చెప్పుటకు ఇచట యత్నింతుము.

మొట్టమొదట, అవ్వ సంకోచము నిరాధారమైనది కాదు. సముద్రయానము చేసినవాడు పతితుడగునని బౌధాయన ధర్మసూత్రము చెప్పినది. అయినను శాస్త్రము వలదన్నంత మాత్రమున సముద్రతీరమువారు ఓడలు కట్టుట మానలేదు. గోదావరి ముఖద్వారమున కోరంగి రేవు ఓడల నిర్మాణమునకును, బర్మా వర్తకమునకును పేరువడసినది. ఆ రేవునుండి పోయినవారగుటచేతనే బర్మాలోను, మారిషస్‌లోను తెలుగువారికి "కోరంగీలు" అను పేరు కలిగినది. 1789లోను, మరల 1839లోను వచ్చిన తుపానులు ఉప్పెనతో ఆ రేవును ముంచివైచినవి. శాస్త్రభయముకంటె ఈ భయము నిజమైనది. నేటికిని బంగాళాఖాతమున ఓడయెక్కదలచిన కుటుంబము ముందుగా చూడవలసినది పంచాంగమును కాదు, వాతావరణమును. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఆ సముద్రమున తుపానులు మెండు.

ఇక పొట్టకూటికై పోయినవారి మూటలు. 1860 అక్టోబరులో "ట్రూరో" అను ఓడ చెన్నపట్టణమునుండి బయలుదేరి, నవంబరు 16వ తేదీన దక్షిణాఫ్రికాలోని డర్బను రేవును చేరినది. దానిలో 342 మంది కూలీలుండిరి. చెఱకుతోటలలో పనిచేయుటకై ఒడంబడిక వ్రాసియిచ్చి నేటాలునకు పోయినవారిలో వీరే ప్రథములు. వీరి వెనుక ఏండ్ల తరబడి పోయిన తమిళులు, తెలుగువారిలో మనకు పొరుగున నున్న ఉత్తర ఆర్కాడు, చిత్తూరు సీమలవారు అనేకులు. ఆ సీమలనుండియే కాలాంతరమున మన గనులకును కూలీలు వచ్చిరి. కఱవు కాలమున ఒక్కయూరి అన్నదమ్ములలో ఒకడు రేవుదారి పట్టుట, మరియొకడు గనిదారి పట్టుట ఆశ్చర్యకరము కాదు.

వారి మూటలో నేమున్నది? దాదాపు ఏమియు లేదు. బియ్యము, పప్పు, నెయ్యి, పసుపు, చింతపండు మున్నగునవి సర్కారు నిబంధనల ప్రకారము ఓడవారే కొలిచి పెట్టుచుండిరి. కప్పుకొనుటకు కంబళి, తినుటకు పళ్లెము ఇచ్చుచుండిరి. కూలి మెడకు అంకె చెక్కిన తగరపు బిళ్ల వ్రేలాడుచుండెను. అతని పేరుకంటె ఆ అంకెయే ముఖ్యము. ఒడంబడిక అయిదేండ్లది. మొత్తము పదియేండ్లు అచ్చట గడపినవానికి తిరుగుప్రయాణము ఉచితమని చట్టము చెప్పినది. కాని అనేకులు తిరిగి రాలేదు. తిరిగి వత్తుమో రామో తెలియనివానికి మూట కట్టుట యెట్లు చేతనగును?

అయితే ఆ కొలతలలో చేరని సరకొకటి వారితో పోయినది. అది భాష. డర్బనులో తెలుగువారు 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. అనగా ట్రూరో ఓడ చేరిన డెబ్బదియేండ్ల తరువాత, మాతృదేశమును చూడని తరములు పుట్టి పెరిగిన పిమ్మట, మన పలుకు మనకుండవలెనని వారు సభ కట్టిరి. సభ కట్టుకొనవలసి వచ్చినదనగా, ఇంటిలో ఆ పలుకు సన్నగిల్లుచుండెననియు గ్రహింపవలెను. అన్యభాషాసీమలో స్థిరపడిన మనకు ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు.

బర్మాకు పోయిన మూట వేఱు రకపుది. కాకినాడ, విశాఖపట్టణము రేవులనుండి రంగూనునకు పొగయోడలు నడచిన కాలమున, తెలుగు కూలీలు ఓడపైతట్టున చాపలు పఱచుకొని పోయిరి. రేవులలోను, బియ్యపు మిల్లులలోను పనిచేసి, కొంత కూడబెట్టుకొని ఇంటికి వచ్చి, మరల పోవుచుండిరి. వీరిది తిరిగివచ్చువాని మూట. పోవునపుడు తేలిక, వచ్చునపుడు బరువు. కాని 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించినపుడు ఆ లెక్క తలక్రిందులయ్యెను. లక్షలాది భారతీయులు బర్మాను విడిచిరి. ఓడ దొరకనివారు కొండలు, అడవులు దాటి కాలినడకన వచ్చిరి. ఏండ్లు కష్టించి కూర్చిన పెట్టెలు త్రోవలోనే మిగిలిపోయెను.

ఈ రెండు విధముల ప్రయాణములును అవసరము త్రోసినవి. ఆలోచించి, ఏర్పాటు చేసికొని, చూడవలెనను కోరికతో పోయిన తెలుగువారును కలరు. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ద్విభాషిగానుండిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18వ తేదీన కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరెను. అది భూమార్గయాత్ర. పల్లకి, బోయీలు, గుడారములు, పెద్ద పరివారము వెంట నుండెను. దారిలోని మజిలీలను, అచ్చట దొరకు వస్తువులను అతడు వ్రాసియుంచగా, అది 1838లో "కాశీయాత్ర చరిత్ర"యై అచ్చుపడెను. తన తరువాత వచ్చువానికి ఉపయోగపడునట్లు వ్రాయుట ఆ గ్రంథపు గొప్ప. ప్రయాణసన్నాహమునకు తెలుగులో మనకు మొదటి గురువు ఆయనయే యనవచ్చును.

సముద్రము దాటిన తెలుగు గృహిణి పోతం జానకమ్మ. ఆమె 1873లో భర్తతో కలిసి చెన్నపట్టణమునుండి ఇంగ్లండునకు పోయెను. తాను చూచినదానిని తెలుగున వ్రాసెను. దాని ఇంగ్లీషు రూపము 1876లో చెన్నపట్టణమున అచ్చయ్యెను. సూయజు కాలువ తెఱచి అప్పటికి నాలుగేండ్లు మాత్రమే. సముద్రయానము చేసిన మగవానినే కులము వెలివేయుటకు సిద్ధముగానున్న కాలమున, ఇల్లాలు ఓడయెక్కి పోవుటయు, పోయివచ్చి దానిని గూర్చి పుస్తకము వ్రాయుటయు సామాన్యమైన సాహసము కాదు. కుటుంబముగా ఓడయెక్కదలచిన నేటి మన ఇల్లాండ్రు ఆమెను తలచుకొనుట న్యాయము.

మన జిల్లావాడే మరియొకడు కలడు. మోక్షగుండము విశ్వేశ్వరయ్య జన్మస్థలమైన ముద్దేనహళ్లి నేడు చిక్కబళ్లాపుర జిల్లాలోనిదైనను, 2007లో ఆ జిల్లా వేఱుపడువరకు కోలారు జిల్లాలోనిదే. గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండమునుండి వలసవచ్చిన తెలుగు కుటుంబము వారిది. ఆయన 1898లో జపానునకు సముద్రయానము చేసెను. 1908లో మరల బయలుదేరి ఐరోపా, అమెరికాలను చూచెను. 1908 సెప్టెంబరున మూసీనది పొంగి హైదరాబాదును ముంచగా, నిజాము ప్రభుత్వము ఆయనను పిలిపించినది. 1909లో ఆయన వచ్చి ఆ నగరమును వరదలనుండి కాపాడు పథకమును రూపొందించెను. ఆయన విదేశములనుండి తెచ్చిన మూటలో ముఖ్యమైనది జ్ఞానము. దానికి బరువు లేదు, సుంకము లేదు.

ఇట్లు చెప్పుచుండగా, సముద్రమునకు మన గనులతో నేమి సంబంధమని కొందఱడుగవచ్చును. నిజమునకు మన ఊరే ఓడలపై వచ్చినది. న్యూజిలాండు యుద్ధములలో పనిచేసివచ్చిన లావెల్లీ అను ఐరిషు సైనికుడు 1870లలో ఇచట బంగారమునకై త్రవ్వుటకు అనుమతి పొందెను. 1880లో లండనునకు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీవారు ప్రవేశించిరి. ఇంగ్లండులోని కార్నువాలునుండి గనిపనివారు సముద్రము దాటి వచ్చిరి. 1894లో బౌరింగుపేటనుండి మారికుప్పము వరకు రైలుమార్గము పడినది. ఆ బౌరింగుపేటయే నేటి బంగారుపేట. 1902లో శివసముద్రమునుండి విద్యుచ్ఛక్తి వచ్చినది. ఇదంతయు చేసినవారి పెట్టెలు సముద్రముపై వచ్చినవే. వారు తిరిగిపోవునపుడు పెట్టెలు నిండుగనే పోయినవి.

మన పెద్దల మూట మాత్రము చిన్నది. పనికి పోవువాని చేతిలో అన్నపు క్యారియరు, నెత్తిన దీపము, లెక్కకై అంకె వేసిన బిళ్ల. గనిలోనికి ఎందఱు దిగిరి, ఎందఱు పైకి వచ్చిరి అనునది ఆ బిళ్లలవలననే తేలును. కూలివాని మెడలోని తగరపు బిళ్ల అతడు ఎవరి సొత్తో చెప్పినది. గనివాని బిళ్ల అతడు తిరిగి వచ్చెనా లేదా యని అడిగినది. రెండును బిళ్లలే, కాని రెంటికిని ఎంత భేదము! క్యారియరు సర్ది పంపిన ప్రతి ఇల్లాలును ప్రతిదినమును ఒక ప్రయాణమునకు మూట కట్టినదే. 2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడినవి. అప్పుడు కట్టిన మూటలు క్యారియర్లు కావు, ట్రంకు పెట్టెలు. బెంగుళూరునకు కొందఱు, చెన్నపట్టణమునకు కొందఱు పోయిరి. ఉన్నవారు ఉదయపు రైలుకు పోయి రాత్రి రైలుకు వచ్చు జీవితమునకు అలవాటుపడిరి. అవ్వ ఇంట ఆనాడు సర్దిన పెట్టె యొకటి నేటికిని మంచము క్రింద నున్నది. పోవలెనని కట్టి, పోలేక విప్పిన పెట్టె అది.

సుఖము కొఱకై సముద్రముపై తిరుగుట యనునది ఈ చరిత్రలో కడపటి అధ్యాయము. 1844లోనే పి. అండ్ ఓ. కంపెనీ ఓడలపై మధ్యధరా సముద్రమున విహారయాత్రలు నడచినవి. 1891 జనవరిలో జర్మనులు "ఆగస్తా విక్టోరియా" అను ఓడను చలికాలపు విహారమునకు నడపిరి. అవి శ్రీమంతుల వేడుకలు. మన తీరమునకు ఆ వేడుక సామాన్య కుటుంబములకు అందుబాటుగా వచ్చుట నిన్నమొన్నటి మాట. 2022 జూనులో చెన్నై రేవునుండి విశాఖపట్టణము, పుదుచ్చేరిలను చుట్టివచ్చు విహారనౌక బయలుదేరినది. 2023 సెప్టెంబరులో విశాఖ రేవున విహారనౌకల కొఱకు ప్రత్యేకమైన టెర్మినలు తెఱవబడినది. ఏ ఓడ ఏ దినమున ఏ రేవునకు పోవుననునది ఏటేట మాఱుచుండును గనుక, సొమ్ము చెల్లించుటకు ముందు విచారించుకొనవలెను.

అవ్వ ప్రశ్నకు ఇక సూటిగా సమాధానము చెప్పవలసియున్నది. మేము ఆ కుటుంబముతో కూర్చుండి వ్రాసియిచ్చిన పట్టికను, మరియొకరికి ఉపయోగపడునను తలంపుతో ఇచట విన్నవించుకొనుచున్నాము.

మొదటిది కాలము. రైలు ఆలస్యమైనచో మరియొక రైలు కలదు; ఓడ ఎవరికొఱకును నిలువదు. కావున బంగారుపేటలో రైలెక్కి ముందునాడే చెన్నపట్టణము చేరియుండుట మేలు. రెండవది పత్రములు. స్వదేశపు రేవులకే పోవు ఓడకు ప్రతివ్యక్తికిని ఛాయాచిత్రముతో కూడిన గుర్తింపుపత్రము, పిల్లలకు జన్మపత్రము వెంట నుంచుకొనవలెను. సింహళమువంటి పరదేశపు రేవును తాకు ఓడకు పాస్‌పోర్టు కావలెను. టిక్కెట్టులోని పేరును పత్రములోని పేరును అక్షరము తప్పక కలియవలెను. ఇంటిపేరు ముందు వ్రాయు తెలుగువారికి, దానిని పొట్టి అక్షరములుగా వ్రాయు కన్నడసీమ అలవాటు తోడై, ఈ చిక్కు తఱచుగా వచ్చును.

మూడవది సంచులు. పెద్ద పెట్టెలను రేవులో అప్పగించినచో అవి గదికి చేరుటకు కొన్నిగంటలు పట్టును. మందులు, పత్రములు, కంటియద్దములు, పిల్లలకు ఒకజత బట్టలు చేతిసంచిలోనే యుండవలెను. జాఱని చెప్పులు, సముద్రపుగాలికిని గదులలోని చల్లదనమునకును ఒక శాలువ చాలును. నాలుగుదినముల ప్రయాణమునకు పెండ్లికి సర్దినట్లు సర్దనక్కరలేదు. నాలుగవది తలత్రిప్పట. ఓడ కదలికను చెవిలోని సమతౌల్యేంద్రియము గుర్తించుచుండగా, గదిలో కూర్చున్న కన్ను ఏ కదలికయు లేదనును. ఆ తగవే వాంతికి మూలము. ఓడ నడుమ క్రింది అంతస్తులోని గదిలో ఊపు తక్కువ. తలత్రిప్పినపుడు పైకి వచ్చి దిగంతమును చూచుచుండవలెను. మాత్ర వేసికొనదలచిన వైద్యుని అడిగి, ఓడ కదలకమునుపే వేసికొనవలెను. ముఖ్యముగా రక్తపుపోటు, చక్కెరవ్యాధి మందులు వాడు పెద్దలు ఈ మాట మఱువరాదు.

అయిదవది తీసికొనిపోగూడనివి. ఇస్త్రీపెట్టె, నీళ్లు కాచు విద్యుత్తు చుట్ట, అగరువత్తులు, దీపపు ప్రమిద ఓడలో నిషిద్ధములు. నడిసముద్రమున నిప్పు కంటె భయంకరమైనది లేదు. సామాన్యముగా ఇంటివంటలను గూడ ఎక్కనీయరు. ఇది విని అవ్వ చిన్నబోయెను. శ్రీనివాసపురము మామిడికాయలతో పెట్టిన ఊరగాయ, వేయించిన రాగిపిండి అప్పటికే సీసాలలో సిద్ధముగానుండెను. శాకాహారము, ఉపవాసనియమము గలవారు ముందుగా వ్రాసి తెలుపుకొన్నచో ఓడవారే ఏర్పాటు చేయుదురని కోడలు నచ్చజెప్పెను. ఊరగాయ చెన్నపట్టణములోని బంధువుల ఇంటికి పోవునట్లు రాజీ కుదిరినది.

ఆఱవది, అన్నిటికంటె ముఖ్యమైనది, ప్రాణరక్షణ. ఓడ బయలుదేరునపుడు ప్రయాణికులందఱిని ఒకచోట చేర్చి, అపాయమున ఎచ్చటికి రావలెనో, రక్షణకవచమును ఎట్లు తొడుగుకొనవలెనో చూపుదురు. 2012లో ఇటలీ తీరమున "కోస్టా కంకార్డియా" మునిగి 32 మంది మరణించిన తరువాత, ఈ శిక్షణ ఓడ కదలకముందు గాని, కదలిన వెంటనే గాని జరుగవలెనని నియమము కఠినమైనది. 2019 సెప్టెంబరు 15వ తేదీన గోదావరిపై కచ్చులూరు వద్ద విహారపడవ మునిగిన దుఃఖమును తెలుగువారు మఱువలేరు. పిల్లలకు సరిపడు కవచము గదిలో కలదో లేదో చూచి, లేనిచో వెంటనే అడిగి తీసికొనవలెను. ఈ శిక్షణను విసుగుతో విననివారుండవచ్చును. గనివారి బిడ్డలు మాత్రము అట్లు చేయరాదు.

ఓడయెక్కినపుడు ప్రతివానికి ఒక కార్డు ఇత్తురు. గదితలుపునకు తాళముచెవి అదియే. రేవున దిగి ఊరు చూచి వచ్చినవారి లెక్కయు దానివలననే. ఈ మాట చెప్పగానే అవ్వ ముఖము వికసించెను. "అయితే ఇది బిళ్లే గదరా! పైకొచ్చినోళ్లను లెక్కపెట్టే బిళ్ల" అనెను. అంతటితో ఆమె భయము సగము తీరినది.

మా పట్టికలో చివరిమాట యొకటి మిగిలినది. ఆ యింటి పిల్లలు తెలుగు మాటలాడుదురు గాని చదువలేరు. బడిలో కన్నడము, ఇంగ్లీషు నేర్చినవారు. అది తప్పు కాదు. ఈ నేల భాషను నేర్చుట మన ధర్మమే. కాని వారు దిగబోవు విశాఖపట్టణమున అంగళ్లపై పలకలు, బస్సులపై ఊళ్లపేర్లు తెలుగు అక్షరములలోనే యుండును. ఇంట మాత్రమే వినబడు భాష వీధులనిండ వ్రాయబడియుండుట ఆ పిల్లలు మొదటిసారి చూడబోవుచున్నారు. ఆ అక్షరములు వారికి గోడపై ముగ్గులవలె కనబడరాదని మేము కోరితిమి. బయలుదేరుటకు రెండునెలలు గడువున్నది. ప్రతిరాత్రి నాలుగేసి అక్షరములు దిద్దినను గుణింతము పట్టుబడును. పెట్టెలో పెద్దబాలశిక్ష యొకటి వేయుడని చెప్పితిమి.

కోరంగి ఓడలలోను, ట్రూరోలోను పోయినవారు తగరపు బిళ్లతోను, నోటిలోని పలుకుతోను పోయిరి. వారిలో అనేకులు సముద్రము దాటి పోయి, తిరిగి రాలేకపోయిరి. మన పిల్లలు సొంత ఖర్చులతో పోయి, నాలుగుదినములలో తిరిగి వత్తురు. ఈ భేదము కొఱకే మన పెద్దలు ఏడువేల అడుగుల క్రిందికి దిగిరని మేము నమ్ముచున్నాము.

మొన్న మేము ఆ యింటికి పోయినపుడు అవ్వ మంచము క్రింది ట్రంకుపెట్టెను వెలికి తీయించి, తుడిచి, ఎండలో పెట్టించియుండెను. అంతటి పెట్టె ఓడకు వలదని కుమారుడు నవ్వెను. "ఓడకు కాదురా, వచ్చినాక మీరు చూసినవన్నీ రాసి దీంట్లో పెట్టండి. తెలుగులో రాయండి" అని అవ్వ మనుమల వైపు తిరిగి చెప్పెను. పిల్లలు పలకపై అక్షరములు దిద్దుచుండిరి.